చెంచాడు పప్పు మీద పడ్డ నింద

గర్భసంచి ఆపరేషన్ అయిన ఆరో రోజు మా పెద్దమ్మకి కుట్ల దగ్గర ఎర్రబడి రసి కారింది. నర్సు వచ్చి కట్టు విప్పేలోపే ఇంట్లోవాళ్ళు దోషిని తేల్చేశారు: ముందురోజు మధ్యాహ్నం ఆవిడ తిన్న చెంచాడు ముద్దపప్పు. "పప్పు తింటే చీము పడుతుందని నెత్తీనోరూ కొట్టుకున్నా, విన్నావా అక్కా?" అని పిన్ని సాధించింది. నర్సు పప్పు ఊసే ఎత్తలేదు. గ్లౌజు వేళ్ళతో గాయం అంచుల్ని మెల్లగా నొక్కి చూసి, "ఇవాళ షుగర్ ఎంతుందమ్మా?" అని అడిగింది.

మన ఇళ్ళల్లో పథ్యం అనగానే ముందు పోయేవి పప్పు, పులుపు. వంకాయ, గోంగూర కూడా పోతాయి. ఇక కంచంలో మిగిలేది అన్నం, కారప్పొడి, ఓ బీరకాయ కూర. పప్పు మీద ఈ అపవాదు ముద్దపప్పు రంగూ చిక్కదనమూ చూసి ఎవరో కట్టిన పోలికేమోనని నా అనుమానం. అనుమానమే, సాక్ష్యం అడక్కండి.

చీము తిండిలోంచి రాదు. క్రిముల మీదికి వెళ్ళి చచ్చిన తెల్లరక్తకణాలు, చచ్చిన క్రిములు, కరిగిన కండ కలిస్తే అది చీము. ఆ క్రిములు కూడా చాలాసార్లు రోగివే. మన చర్మం మీద, ముక్కు రంధ్రాల్లో స్టెఫిలోకాకస్ జాతి క్రిములు కాపురం ఉంటాయి. కోత పడగానే వాటికి దారి దొరుకుతుంది. కుట్టు దారం వాటికి ఇంకా అనుకూలం. లండన్‌లో 1957లో మనుషుల మీదే చేసిన ఒక ప్రయోగంలో, వట్టి చర్మంలో చీము పుట్టించడానికి లక్షలకొద్దీ క్రిములు కావాల్సి వచ్చింది. అదే చోట పట్టుదారం ఒక్క కుట్టు వేసి ఉంటే కొన్ని వందలు సరిపోయాయి.

మరి క్రిములు ఎప్పుడు చొరబడతాయి? ఎక్కువగా ఆపరేషన్ బల్ల మీదే. 1961లో జాన్ బర్క్ అనే అమెరికన్ సర్జన్ గినీ పందుల చర్మంలోకి క్రిముల్ని ఎక్కించి, వేర్వేరు వేళల్లో యాంటీబయాటిక్ ఇచ్చి చూశాడు. క్రిములకన్నా ముందే మందు ఒంట్లో ఉంటే పుండు పెరగలేదు. మూడు గంటలు ఆలస్యమైతే ఇచ్చినా ఇవ్వనట్టే. అందుకే ఇప్పుడు ఆ ఇంజెక్షన్ కోతకి ముందు 120 నిమిషాల లోపు పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే లోపల పడ్డ విత్తనం పైకి కనిపించడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సరిగ్గా అప్పటికే రోగి కాస్త తేరుకుని మామూలు తిండి మొదలుపెడుతుంది. ఎరుపు కనబడగానే అందరూ నిన్నటి కంచంలోకి చూస్తారు. ఆరు రోజుల కిందటి థియేటర్ ఎవరికీ గుర్తురాదు.

నర్సు షుగర్ ఎందుకడిగిందంటే, రక్తంలో చక్కెర ఎక్కువైతే తెల్లరక్తకణాలు మందగిస్తాయి. చలి కూడా అంతే: ఒళ్ళు చల్లబడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని ప్రాణవాయువు తగ్గుతుంది, అది లేనిదే ఆ కణాలు క్రిముల్ని చంపలేవు. 1996లో పెద్దపేగు ఆపరేషన్లు జరిగిన 200 మందిని పరిశీలిస్తే, థియేటర్లో ఒళ్ళు వెచ్చగా ఉంచినవాళ్ళలో నూటికి 6 మందికి గాయం సెప్టిక్ అయింది, చల్లబడ్డవాళ్ళలో 19 మందికి. ఒక వెచ్చటి దుప్పటికి ఇంత తేడా.

ఇక మానడం సంగతి. కుట్లు గాయాన్ని మాన్పవు, అంచుల్ని దగ్గరగా పట్టి ఉంచుతాయంతే. పైచర్మం ఒకటి రెండు రోజుల్లోనే మూసుకుంటుంది, అది చూసి మోసపోతాం. అసలు పని అడుగున, మూడు నాలుగు రోజుల తర్వాత మొదలవుతుంది: కొలాజెన్ అనే పోగుల్ని కణాలు నేయడం. వారానికి ఆ అతుకు బలం మామూలు చర్మం బలంలో మూడో వంతు కూడా కాదు, నూటికి మూడు పాళ్ళు. మూడు నెలలకి 80 పాళ్ళ దాకా వస్తుంది. నూరు ఎన్నటికీ రాదు.

కొలాజెన్ అంటే ప్రొటీన్. వంద గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గుడ్డూ మాంసమూ తినని పెద్దమ్మలాంటివాళ్ళకి పప్పు ఆపడమంటే నేతగాడికి నూలు ఆపడమే. పేగు మీద కోత పడితే మొదట్లో పప్పు వద్దని డాక్టర్లే అంటారు, కిడ్నీ జబ్బున్నవాళ్ళ లెక్కా వేరు. మిగతావాళ్ళకి ఆ నిషేధం ఎందుకో నాకు అర్థం కాదు.

పులుపు కథ ఇంకా చిత్రం. కొలాజెన్ పోగులు పురి తిరగాలంటే సి విటమిన్ కావాలి. 1939లో జాన్ క్రాండన్ అనే యువ సర్జన్ బోస్టన్‌లో పండ్లు, కూరగాయలు పూర్తిగా మానేసి, తన వీపు మీదే కోత పెట్టించుకున్నాడు. మూడో నెలలో పెట్టిన కోత చక్కగా మానింది. ఆరో నెలలో పెట్టినది పైకి మానినట్టే ఉంది. పది రోజులకి తెరిచి చూస్తే అడుగున గడ్డకట్టిన నెత్తురే తప్ప అతుకు లేదు. సి విటమిన్ ఎక్కించాక మరో పది రోజుల్లో మానింది. పది రోజుల పథ్యానికి ఎవరికీ ఇంత చేటు రాదు, నిజమే. కానీ మానిన గాయం కూడా రోజూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా నేసుకుంటూ ఉంటుంది. 1741లో బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ యాన్సన్ ఓడల మీద స్కర్వీ (సి విటమిన్ లేక వచ్చే జబ్బు) వచ్చిన ఒక ముసలి నావికుడికి, 50 ఏళ్ళ కిందట బోయిన్ యుద్ధంలో తగిలి ఎప్పుడో మానిపోయిన గాయాలు మళ్ళీ విచ్చుకున్నాయి.

ఇదంతా చెప్పాక పెద్దమ్మ చారులో నిమ్మకాయ పిండడానికి పిన్ని ఒప్పుకుంది. పప్పు మాత్రం కుట్లు విప్పాకేనట.