బడ్స్ పెట్టుకుని బేస్ ప్రాక్టీసా? అపోహలు - వాస్తవాలు

డిసెంబరు దగ్గరపడిందంటే ఇటు కోనసీమలో అయినా, అటు భీమవరం, పాలకొల్లు వైపైనా బేస్ గిటార్ వాయించేవాళ్లకు తీరిక ఉండదు. క్రిస్మస్ పాటలకు క్వయిర్ రిహార్సల్స్, ఆ వెనకే సంక్రాంతి ఆర్కెస్ట్రాలు. పగలు కాలేజీయో, షాపో, చెరువుల మీద పనో ఉంటుంది కాబట్టి గిటార్ పట్టుకునేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. పక్కింటికీ మనకూ గోడ ఒక్కటే. అందుకని హెడ్‌ఫోన్స్. ఇక్కడి వరకూ మంచి ఆలోచనే.

తర్వాత వచ్చే ఫిర్యాదు మాత్రం ప్రతి ఏడూ ఒకటే: "ఇంట్లో బాగానే వస్తోందండి. డ్రమ్స్ పక్కన కూర్చుంటే ముందుకు పరిగెడుతున్నానంటున్నారు. నాకు లయ లేదేమో." ఇలా అడిగేవాళ్లని ముందు అడగాల్సింది లయ గురించి కాదు, చెవిలో ఏం పెట్టుకుంటున్నారని. చాలాసార్లు జవాబు బ్లూటూత్ బడ్స్.

అపోహ: "బ్లూటూత్‌లో లేటు ఉండదు, సినిమా చూస్తే పెదాలు సరిగ్గానే కదులుతున్నాయిగా!"

ఎక్కువమందిని ముంచుతున్నది ఇదే. షాపులో అడిగితే "ఆయ్, కొత్త మోడలండి, లాగ్ ఉండదు" అంటారు. సినిమా విషయంలో ఆ మాట నిజమే. ఎందుకంటే బడ్స్‌లో శబ్దం ఎంత ఆలస్యంగా వస్తుందో ఫోన్‌కు తెలుసు. బొమ్మను కూడా అంతే ఆపి చూపిస్తుంది, మనకు రెండూ కలిసినట్టే ఉంటాయి. మీ వేళ్లను ఏ ఫోనూ ఆపి ఉంచలేదు. తీగ మీటిన క్షణం మీటినట్టే, శబ్దం మాత్రం తర్వాత వస్తుంది.

శబ్దాన్ని కుదించాలి, ముక్కలుగా పంపాలి, మధ్యలో సిగ్నల్ తెగినా పాట ఆగకుండా బడ్స్‌లో కొంత నిల్వ పెట్టాలి, మళ్లీ విప్పాలి. మామూలు బడ్స్‌లో ఈ తతంగానికి 150 నుంచి 250 మిల్లీసెకండ్లు పడుతుంది. ఇది బడ్స్ లోపం కాదు. అవి పాటలు వినడానికి చేసినవి, వాయించడానికి కాదు.

200 మిల్లీసెకండ్లంటే ఎంతో లెక్క వేద్దాం. నిమిషానికి 90 బీట్ల పాటలో ఒక బీటు 667 మిల్లీసెకండ్లు, అందులో సగం 333, పావు 167. అంటే మీరు మీటిన స్వరం పావు బీటు దాటాక గానీ చెవికి చేరదు. ఇంకోలా చెప్పాలంటే, గాలిలో శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. 200 మిల్లీసెకండ్లలో దాదాపు 70 మీటర్లు. పెద్ద కాలువకు అవతలి గట్టు మీద ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకరు పెట్టె) పెట్టి, ఇవతలి గట్టున కూర్చుని వాయించినట్టన్నమాట. రేవులో బట్టలుతికేవాళ్లను అవతలి ఒడ్డు నుంచి చూసినవాళ్లకు ఇది తెలుసు. బట్ట బండకు తగిలింది కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. ఆ చప్పుడును తాళానికి కలపాలంటే బట్టను ముందే కొట్టాలి.

మీ చేయి చేస్తున్నదీ అదే. క్లిక్‌తో (మెట్రోనోమ్ కొట్టే టక్ టక్‌తో) కలవాలని మీకు తెలియకుండానే కాస్త ముందుగా మీటడం మొదలుపెడుతుంది. రోజుకు గంట చొప్పున రెండు నెలలు ఇలా చేస్తే అదే అలవాటవుతుంది. ఆదివారం చర్చిలో నిజం డ్రమ్స్ పక్కన, ఆలస్యం లేని స్పీకరు ముందు కూర్చుంటే ఆ చేయి ముందుకే తోస్తుంది. డ్రమ్మర్ మిమ్మల్ని పట్టుకోవాలని తనూ తోస్తాడు. 80లో మొదలైన పాట చివరి చరణానికి ఎక్కడికో పోతుంది. తిట్లు మాత్రం బేస్‌కు. లయ లేదని గిటార్ అమ్మేద్దామనుకునేవాళ్లు దయచేసి ఆగండి. మూడు వారాలు వైరు ఇయర్‌ఫోన్స్‌తో, 60 దగ్గర క్లిక్ పెట్టుకుని, ఒక్క ఓపెన్ (ఎక్కడా నొక్కని) A తీగ మీద పావుగంట చొప్పున వాయించి అప్పుడు చెప్పండి.

అనుమానముంటే పరీక్షకు ఒక్క నిమిషం చాలు. ఒక చెవిలో బడ్ పెట్టండి, రెండో చెవి ఖాళీగా ఉంచండి. ఎడమ అరచేత్తో తీగలన్నీ మూసి కుడివేలితో గట్టిగా మీటండి. ఖాళీ చెవికి తీగ "టక్" వినిపిస్తుంది, బడ్‌లో "డబ్" వస్తుంది. రెండూ ఒకటిగా వినిపిస్తే పర్వాలేదు. టక్... డబ్ అని విడివిడిగా వస్తే ఆ బడ్స్ ప్రాక్టీసుకు పనికిరావు. గేమింగ్ మోడ్ ఆన్ చేసినా ఇదే పరీక్ష. 60 మిల్లీసెకండ్లకు తగ్గినా ఇంకా 20 మీటర్ల దూరమే. 10 లోపు ఉంటే చాలామందికి తేడా తెలియదు, స్టేజీ మీద ఆంప్‌కు మూడు నాలుగు మీటర్ల దూరంలో నిలబడ్డంతే. 20 దాటితే చేతికి బరువుగా తోస్తుంది. 30 దాటితే వదిలేయండి.

బ్లూటూత్ ఎక్కడా వాడకూడదని కాదు. కొన్ని చిన్న హెడ్‌ఫోన్ ఆంపులకు ఫోన్‌లోని పాటను బ్లూటూత్‌లో పంపొచ్చు. అది నిక్షేపంగా వాడుకోండి. పాట మొత్తం కాస్త ఆలస్యంగా మొదలైనా నష్టం లేదు, మీరు విన్నదానితోనే వాయిస్తారు. మీ గిటార్ శబ్దం మాత్రం వైరులోనే చెవికి రావాలి. అలాగే గిటార్ జాక్‌కి గుచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ జతలు వేరే జాతి. వాటిలో ఆలస్యం కొద్ది మిల్లీసెకండ్లే. బ్లూటూత్ అన్న మాట పెట్టె మీద ఉందా లేదా, అది చూసుకోండి.

అపోహ: "కన్వర్టర్ పిన్ ఉంటే ఎక్కడైనా గుచ్చొచ్చు"

డబ్బు రూపంలో ఎక్కువ పోయేది దీంతో. 6.35 మిల్లీమీటర్ల పిన్‌ను 3.5కి మార్చే కన్వర్టర్ చవకగా దొరుకుతుంది కదా అని ఆంప్ వెనక స్పీకర్ అవుట్‌లో హెడ్‌ఫోన్ గుచ్చేస్తారు. హెడ్‌ఫోన్‌కు కావలసింది మిల్లీవాట్లు, అక్కడ వచ్చేది వాట్లు. కాయిల్ కాలిపోవడానికి ఒక్క గట్టి స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టడం) చాలు. చెవిలో ఉండగా జరిగితే కాయిల్ కంటే చెవి సంగతే ముందు చూసుకోవాలి. పైగా ఇప్పటి క్లాస్ డీ ఆంపుల్లో చాలావాటికి స్పీకర్ రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది, ఏదీ ఎర్త్ కాదు. స్టీరియో పిన్ మోనో జాక్‌లోకి దిగితే పిన్ మీది రింగు, స్లీవు (నడుమ, మొదట ఉండే లోహపు భాగాలు) కలిసిపోతాయి. షార్టయితే అవుట్‌పుట్ సెక్షన్ కూడా పోవచ్చు. "ఫోన్స్" అనో, హెడ్‌ఫోన్ బొమ్మో ఉన్న రంధ్రం తప్ప ఇంకెక్కడా గుచ్చకండి. అసలు హెడ్‌ఫోన్ జాకే లేని ఆంపయితే దాన్ని రాత్రి ప్రాక్టీసుకు పక్కన పెట్టండి.

దీనికి తమ్ముడు లాంటి పొరపాటు గిటార్ జాక్‌లోనే హెడ్‌ఫోన్ పెట్టడం. ఏమీ కాలదు, ఏమీ వినిపించదు కూడా. పాసివ్ (బ్యాటరీ లేని) బేస్ పికప్ నుంచి, అంటే తీగల కింద ఉండే కాయిల్ నుంచి, వచ్చేది బలహీనమైన, హై ఇంపీడెన్స్ సిగ్నల్. దాన్ని అందుకునే ఇన్‌పుట్ దాదాపు 1 మెగోమ్ ఉండాలి, హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లు. కోనేటిని స్ట్రాతో తోడినట్టే. ఫోన్ మైక్ రంధ్రంలోకి నేరుగా పెట్టినా ఇంతే, సన్నగా కీచుమంటుంది. మధ్యలో ఏదో ఒకటి ఉండాలి: హెడ్‌ఫోన్ జాక్ ఉన్న ప్రాక్టీస్ ఆంప్, వాక్స్ ఆంప్‌ప్లగ్ లాంటి జేబు ఆంప్, జూమ్ బీ1 ఫోర్ లాంటి పెడల్, లేకపోతే గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్. కొత్తవాళ్లకు పెడలే మేలు. నాలుగు డబుల్ ఏ సెల్స్‌తో కరెంటు పోయినా పనిచేస్తుంది, రిథమ్ అందులోనే ఉంటుంది.

ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లు రెండు బటన్లు చూసుకోవాలి. ఒకటి "ఇన్‌స్ట్" లేదా "హై-జెడ్", అది నొక్కకపోతే శబ్దం పలచగా, మూతేసినట్టు వస్తుంది. రెండోది "డైరెక్ట్ మానిటర్", అది ఆన్ చేస్తే కంప్యూటర్ చుట్టూ తిరగకుండా గిటార్ నేరుగా చెవికొస్తుంది, ఆలస్యం ఉండదు. ఆంప్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలంటే మాత్రం డైరెక్ట్ మానిటర్ ఆపి, విండోస్‌లో ఆసియో (ASIO) డ్రైవర్ ఎంచుకుని, బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి నిల్వ పెట్టే శబ్దం ముక్క) 128కి దించండి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకండ్లు, లోపలికీ బయటికీ కలిపి దానికి రెండు మూడు రెట్లు. చిటపటలొస్తే 256. 512 వద్దు.

అపోహ: "లావు తీగ వినబడాలంటే వాల్యూమ్ పెంచాలి"

పెంచకండి. అన్నిటికన్నా లావుగా ఉండే E తీగ 41 హెర్ట్జ్. అంత కింది శబ్దానికి మన చెవే మందం. చవక ఇయర్‌ఫోన్స్‌లో ఆ 41 సరిగా రాదు కూడా. మనం E అని గుర్తుపడుతున్నది చాలావరకు దాని పైన వచ్చే 82, 123, 165 హెర్ట్జ్‌ల వల్ల. కాబట్టి వాల్యూమ్ బదులు మిడ్ (మధ్య శబ్దాల నాబ్) పెంచండి, 250 నుంచి 800 మధ్య కాస్త ఎత్తితే స్వరం ఎక్కడుందో తెలిసిపోతుంది. గిటార్ మీద టోన్ నాబ్ పూర్తిగా తెరవండి.

అంతకంటే ముందు ఇయర్‌ఫోన్ రబ్బరు చూడండి. వేలితో బడ్‌ను చెవిలోకి నొక్కితే బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే గాలి లీకవుతోందన్నమాట, పెట్టెలో వచ్చిన మూడు సైజుల్లో పెద్దది వేసుకోండి. చెవుల మీద కూర్చునే రకమైతే క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉండేవి), 32 నుంచి 80 ఓమ్‌ల లోపు తీసుకోండి. 250 ఓమ్‌లవి జేబు ఆంప్‌తో గొణుగుతాయంతే. "ఎక్స్‌ట్రా బేస్" అని రాసినవి వద్దు. అవి అబద్ధం చెబుతాయి. ఇంట్లో లావుగా వినిపిస్తోందని మీరు ఆంప్ మీద బేస్ తగ్గించుకుంటారు, స్టేజీ మీద మీ శబ్దం పీలగా తేలుతుంది.

చెవుల లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యాన్ని చూసే నియోష్ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం: 88 అయితే 4 గంటలు, 94 అయితే గంట, 100 అయితే పావుగంట. ప్రాక్టీసయ్యాక చెవిలో గీ మంటే ఆ రోజు హద్దు దాటారు. వాల్యూమ్ సున్నా చేసి పిన్ పెట్టండి, తర్వాత పెంచుకోండి. కంప్రెసర్ (హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దాన్ని అణిచేది) ఉంటే ఆన్ చేయండి, పాప్ చేసినప్పుడు (తీగను లాగి వదిలినప్పుడు) సూదిలా గుచ్చుకోదు. ఇలా చేస్తే "హెడ్‌ఫోన్స్ పెడితే చెవుడొస్తుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు పడే భయానికి జవాబుంటుంది. వాళ్ల భయం పూర్తిగా తప్పేమీ కాదు, కారణం హెడ్‌ఫోన్ కాదు, నాబ్.

మిగతావి గబగబా. "హెడ్‌ఫోన్స్‌లో అసలు టోన్ తెలియదు": టోన్ సంగతి ఎలా ఉన్నా, మూయకుండా వదిలేసిన తీగ మోగడం, ఫ్రెట్ చప్పుడు, వేలు జారడం హెడ్‌ఫోన్స్‌లో దాక్కోవు. మీటే బలం మాత్రం పెద్ద స్పీకరు దగ్గరే తెలుస్తుంది, వారానికి ఒకరోజు పగలు ఆంప్‌లో వాయించండి. "హెడ్‌ఫోన్ పెడితే పక్కింటికి ఏమీ వినిపించదు": గిటార్ తల గోడకో, చెక్క బీరువాకో ఆనితే అదే పెద్ద డప్పవుతుంది. కాలితో తాళం వేస్తే స్లాబ్ కింద ఇంటికి వినిపిస్తుంది. మడత పెట్టిన దుప్పటి కాళ్ల కింద వేసుకోండి, కిటికీలు తెరిచి ఉంటే స్లాప్ మానండి. "యాక్టివ్ (లోపల బ్యాటరీ ఉండే) బేస్ ఆఫ్ చేస్తే చాలు": చాలావాటికి ఆఫ్ స్విచ్చే ఉండదు, జాక్‌లో పిన్ ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. లేవగానే పిన్ పీకండి.

గుయ్ మనే శబ్దం గురించి ఒక హెచ్చరిక. తీగల మీద చేయి పెడితే తగ్గుతోందంటే చాలాసార్లు తప్పు గిటార్‌ది కాదు, ఇంటి ఎర్తింగ్‌ది. పాత పెంకుటిళ్లలో రెండు పిన్నుల ప్లగ్గులకు ఎర్త్ తీగే ఉండదు. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, ఎల్ఈడీ లైటుకు దూరంగా జరగండి, కరెంటు పోయి పాత ఇన్వర్టర్ మీద నడుస్తుంటే కరెంటు వచ్చేవరకూ సెల్స్ మీదే వాయించండి. గుయ్ తగ్గుతుందని ప్లగ్గులో ఎర్త్ కోసం ఉన్న మూడో పిన్ విరగ్గొట్టే సలహా ఎవరిచ్చినా వినొద్దు. తీగలు పట్టుకుని కూర్చునేది మీరు.

ఇక వానాకాలం తర్వాత ఎక్కువగా వచ్చే కంగారు: "హెడ్‌ఫోన్ తీసేశాక ఆంప్ మూగబోయింది, స్పీకర్ కాలిపోయింది." కాలలేదు. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్‌ను ఆపే చిన్న రేకు ఆ జాక్ లోపలే ఉంటుంది. మన గాలిలో తేమకు అది చిలుం పట్టి, పిన్ తీసేసినా తిరిగి అతుక్కోదు. ఆంప్ ఆపి, ప్లగ్ పీకి, జాక్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చిమ్ము కొట్టి, పిన్‌ను పది పన్నెండు సార్లు పెట్టి తీయండి. పది నిమిషాలు ఆరనివ్వండి. అప్పటికీ పలక్కపోతే జాక్ మార్పించండి, కొత్త స్పీకర్ కొనమనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.