కార్బన్ ఫైబర్ కలిపినంత మాత్రాన ప్రింట్ ఉక్కు కాదు: అపోహలు - వాస్తవాలు

"కార్బన్ ఫైబర్‌లోనే చేసివ్వండి, ఖర్చు ఎక్కువైనా పర్లేదు" అంటూ విశాఖలోని మా త్రీడీ ప్రింటింగ్ షాపుకి తరచూ ఎవరో ఒకరు వస్తుంటారు. వాళ్ల మనసులో ఉండేది విమానం రెక్క. నా దగ్గరున్నది వేరే సరుకు.

అపోహ: కార్బన్ ఫైబర్ ఉంటే అన్ని వైపులా బలమే.

వాస్తవం: విమానం రెక్కలో ఉండేవి తెగని పొడవాటి పోగులు. మామూలు కార్బన్ ఫైబర్ ఫిలమెంట్‌లో, అంటే ప్రింటర్ కరిగించి వాడే ప్లాస్టిక్ తీగలో, ఉండేవి తరిగిన నలుసులు, పొడవు మిల్లీమీటరులో చిన్న వంతే. ఇవి నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మొన) నడిచిన దారి వెంట పడుకుంటాయి. కాబట్టి ఆ దిశలో ముక్క బిరుసెక్కుతుంది, తేలిగ్గా వంగదు. లేయర్‌కీ లేయర్‌కీ (పొరకీ పొరకీ) మధ్య మాత్రం పట్టి ఉంచేది దాదాపుగా ప్లాస్టిక్కే. అక్కడ ఒక్కోసారి ఫైబర్ లేని ఫిలమెంటే మేలనిపిస్తుంది. వెదురు బద్దను నిలువునా చీల్చడం తేలిక, అడ్డంగా విరవడం కష్టం, ఇదీ అంతే. అందుకే కొక్కెం కావాలని ఎవరైనా వస్తే ముందు బరువు ఎటు లాగుతుందో అడుగుతాను, రంగు సంగతి తర్వాత.

తెగని పోగును పరిచే ప్రింటర్లూ ఉన్నాయి. 2014లో మార్క్‌ఫోర్జ్డ్ కంపెనీ తెచ్చిన మార్క్ వన్ అలాంటిదే. అయితే అందులోనూ పోగు లేయర్‌లో అడ్డంగా పడుకోవాల్సిందే, నిలువుగా పైకి ఎక్కదు.

అపోహ: గట్టిగా ఉంది కాబట్టి అరగదు.

వాస్తవం: ఇందులో నేనే దెబ్బతిన్నాను. ఒకరికి గ్లాస్ ఫైబర్ నైలాన్‌తో బుష్ (ఇరుసు తిరిగే గొట్టం లాంటి ముక్క) చేసిచ్చాను. కొన్నాళ్లకు బుష్ బాగానే ఉంది, అందులో తిరిగే మెత్తటి ఇనుప షాఫ్ట్ మీదే గీతలు పడ్డాయి! పైకి తేలిన గాజు పోగులు ఆకురాయిలా గీకుతాయి. ఊడిన ముక్కలు మధ్యలో చిక్కుకుంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. కార్బన్ కొంత నయం, కానీ అల్యూమినియం మీద అదీ నమ్మకం కాదు. రాపిడి ఉండే చోట పీటీఎఫ్ఈ లాంటి జారుడు పదార్థం కలిపిన ఫిలమెంట్ వాడండి. ఒత్తిడి, వేగం రెండూ పెరిగితే వేడి పుడుతుంది. ప్లాస్టిక్ ఆ వేడిని తొందరగా బయటికి పంపలేదు. అరుగుదల ఊపందుకునేది అక్కడే.

ఇదే రాపిడి మీ ఇత్తడి నాజిల్‌నీ తినేస్తుంది. గట్టిపరచిన స్టీలు నాజిల్ కొనుక్కోండి.

అపోహ: ఫైబర్ ఉంటే వేడికి మెత్తబడదు.

వాస్తవం: ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కార్బన్ కలిపినా ఆ అంకె పెద్దగా మారదు. మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి.

అపోహ: ఫైబర్ కలిసిన నైలాన్‌కు తేమ సమస్య లేదు.

వాస్తవం: ఫైబర్ నీళ్లు తాగదు గానీ నైలాన్ తాగుతుంది. నైలాన్-6 నీళ్లలో పూర్తిగా నానితే దాని బరువులో దాదాపు 9 శాతం పీల్చుకుంటుంది. ఫైబర్ ఆక్రమించిన మేరకు ఆ లెక్క తగ్గుతుంది, అంతే. మా సముద్రపు గాలికి తెరిచిపెట్టిన నైలాన్ ఫిలమెంట్ స్పూల్ (చుట్ట) తెల్లారేసరికి నాజిల్‌లో చిటపటలాడుతుంది, ప్రింట్‌లో బుడగలు వస్తాయి. 80 డిగ్రీల దగ్గర ఓ రాత్రంతా ఆరబెట్టి, పొడి డబ్బాలోంచే ప్రింట్ చేస్తాను. డేటా షీట్‌లో పెద్ద అంకెలు కనిపిస్తే అవి ఎండిన ముక్కవా, తేమ పట్టిన ముక్కవా చూడండి. తేమ పట్టాక నైలాన్ బిరుసు బాగా తగ్గుతుంది. దెబ్బను మాత్రం ఇంకా బాగా తట్టుకుంటుంది, కాబట్టి అది ఎప్పుడూ నష్టమే అనలేం.

ఇంకొకటి, ఎవరూ అడగరు కానీ చెబుతాను. ముక్కను నున్నగా రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకుని, నీళ్లతో తడిపి రుద్దండి. ఆ నల్లపొడి అంటిన చొక్కాను మాత్రం ఇంట్లో మిగతా బట్టలతో కలిపి ఉతక్కండి.