అరికాలి పుండు: కట్టు మారుస్తున్నారు, బరువు దించట్లేదు

షుగర్ ఉన్న మనిషికి అరికాల్లో పుండు పడుతుంది. నెలల తరబడి డ్రెస్సింగులు చేయిస్తారు. చివరికి ఒక వేలు, తర్వాత ఇంకో వేలు, ఆ తర్వాత మోకాలి కింద దాకా తీసేయాల్సి వస్తుంది. పాలమూరు, నల్లగొండ ఆసుపత్రి వరండాల్లో ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే. "ఆలస్యంగా తెచ్చారు" అని డాక్టర్లు అంటారు. "దినాం కట్టు కట్టిచ్చినం, ఇంకేం జెయ్యాలె" అని ఇంటివాళ్ళు అంటారు. ఆ పుండు మీద రోజూ పడుతున్న ఒంటి బరువు సంగతి మాత్రం ఎవరి నోటా రాదు. ఆ బరువు దించే సిమెంటు కట్టు ఒకటుంది, ఇది దాని కథ.

పుండు ఆరాలా, తడిగా ఉండాలా అన్న తగువు జోలికి ఇక్కడ పోవడం లేదు. తడిగా ఉంటేనే మేలని 1962లోనే పరిశోధకుడు జార్జ్ వింటర్ పందుల చర్మం మీద చేసి చూపించాడు. పాలిథీన్ కాగితం కప్పిన గాయం మీద కొత్త చర్మం, గాలికి వదిలేసిన గాయం కంటే దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. బరువు దించే కట్టు కథ మలుపు తిరిగింది వేలూరులో.

పాల్ బ్రాండ్ తమిళనాడు కొల్లిమలలో పుట్టిన సర్జన్. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) వచ్చాడు. కుష్టు సోకితే మాంసం దానంతటదే కుళ్ళి రాలిపోతుందని నమ్మే రోజులవి. ఆ మాంసంలో మానే శక్తి మామూలుగానే ఉందని, పోయింది స్పర్శ ఒక్కటేనని ఆయన తేల్చాడు. చెప్పులో రాయి గుచ్చుకుంటే మనం కుంటుతాం, పాదం పక్కకు వాల్చి నడుస్తాం. స్పర్శ లేని మనిషి కుంటడు. పుండు మీదే అడుగు వేస్తాడు, రోజుకు కొన్ని వేల సార్లు. అలాంటి పాదానికి సిమెంటు కట్టు (టోటల్ కాంటాక్ట్ కాస్ట్) వేసి నడిపించే పద్ధతి అప్పటికే ఉంది. 1930లలో సిలోన్‌లో మిల్రాయ్ పాల్, 1939లో మన దేశంలో జోసెఫ్ ఖాన్ దాని గురించి రాశారు. 1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్టు ఆసుపత్రికి వెళ్ళాక అదే కట్టు, షుగర్‌తో స్పర్శ పోయిన అక్కడి రోగుల పాదాలకూ ఎక్కింది. మన దగ్గర అది కుష్టు విభాగం గడప పెద్దగా దాటలేదు.

ఆ విభాగమే పలచబడిపోయింది. కుష్టు ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2005 డిసెంబరు నాటికి దేశం ప్రకటించుకుంది. ప్రత్యేక సిబ్బంది మామూలు ఆరోగ్య వ్యవస్థలో కలిసిపోయారు. ఆ కట్టు వేయడం తెలిసిన చేతులు చెదిరిపోయాయి. ఏడాదిన్నర తిరక్కుండానే, 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పేదలకు అది చేసిన మేలు చిన్నది కాదు. అయితే దాని అల్లిక అంతా మంచం మీద చేర్చుకుని చేసే పెద్ద వైద్యాల చుట్టూ సాగింది. ఓపీకి వారం వారం వచ్చి మార్పించుకుపోయే కట్టు ఆ లెక్కలో ఇమడదు.

ఇంతకీ ఆ కట్టులో ఉన్నదేమిటి? ముందు చీలమండ దగ్గర, పాదం మీద నాడి చూడాలి. రక్తం అందని కాలికి, చీము పట్టిన కాలికి ఇది వేయకూడదు. సన్నటి సలాకు పెడితే గట్టిగా ఎముక తగిలినా, ఎముకకు చీము పట్టిందేమో ముందు తేలాలి. తర్వాత పుండు చుట్టూ ఉన్న తెల్లటి ఆనెకాయను బ్లేడుతో చెక్కేయాలి. రూపాయి బిళ్ళంత కనిపించిన పుండు అప్పుడు రెండింతలు తేలుతుంది, చూసేవాళ్ళు హడలిపోతారు. కానీ ఆనె అనేది చెప్పులో రాయి లాంటిదే. అది పోతే ఆ చోట ఒత్తిడిలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది.

రోగిని బోర్లా పడుకోబెట్టి, మోకాలు, చీలమండ రెండూ 90 డిగ్రీల్లో ఉంచాలి. వేళ్ళ మధ్య దూది, ముంగాలి ఎముక మీద, చీలమండ బుడిపెల మీద ఫెల్టు (మెత్తటి దళసరి గుడ్డ) పెట్టాలి. తక్కినచోట మెత్త పలచగానే ఉండాలి. మందంగా వేస్తే అది అణిగి, కట్టు వదులై, పాదం లోపల జారుతుంది. మొదటి ప్లాస్టర్ చుట్టను లాగకుండా పరిచి, గట్టిపడేదాకా అరచేత్తో నిమరాలి. వేళ్ళతో నొక్కితే లోపల గుంత పడి, అక్కడే కొత్త పుండు లేస్తుంది. కాలి మీది బరువులో దాదాపు మూడో వంతు పిక్క చుట్టూ ఉన్న గోడే మోస్తుంది, అసలు కీలకం అది. మొదటి కట్టు రెండు మూడు రోజుల్లో మార్చాలి, ఎందుకంటే వాపు దిగి వదులవుతుంది. ఆ తర్వాత వారానికోసారి. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పుండు మూసుకుంటుంది.

2001లో అమెరికా పాద వైద్యుడు డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం చేసిన పోలికలో 12 వారాలకు ఈ కట్టుతో 89.5 శాతం పుండ్లు మానాయి. బరువు దించడానికే ఇచ్చే, కానీ విప్పుకునే వీలున్న బూటుతో మానినవి 65 శాతం. అదే బృందం 2003లో అడుగులు లెక్కపెడితే, విప్పుకునే బూటు ఇచ్చినవాళ్ళు దాన్ని తొడుక్కుని నడిచింది మొత్తం అడుగుల్లో 28 శాతమే. బూటు చెడ్డది కాదు, ఇంట్లో నాలుగడుగులకు దాన్నెవరు తొడుక్కుంటారు? 2005లో ఆ బూటు మీదే విప్పలేకుండా బ్యాండేజి చుట్టేస్తే, మానినవి 83 శాతం దాకా పెరిగాయి.

అవతలి వాదన కూడా ఉంది. నాట్ల కూలికి పోయే మనిషి సిమెంటు కట్టుతో బురదలో దిగలేడు, కట్టు లోపల చీము పడితే పైకి కనపడదు. రెండో భయం నిజమే, అందుకే వారం దాటనివ్వకూడదు. జ్వరం, వాసన, కట్టు పైకి తడి, వీటిలో ఏది కనిపించినా అదే రోజు కోసి చూడాలి. గాయంలోని తడిని పీల్చేసే వ్యాక్ యంత్రం చాలదా అంటారు. 125 మిల్లీమీటర్ల (పాదరసం) పీల్చే ఒత్తిడితో అది ఆపరేషన్ తర్వాతి గుంతలను బాగానే పూడుస్తుంది. పైన మనిషి నిలబడితే యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

పుండు మానాక ఏడాదిలోపు దాదాపు 40 శాతం మందికి మళ్ళీ పడుతుంది. కుష్టు వచ్చి స్పర్శ పోయిన మనిషికి ప్రభుత్వం ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు ఉచితంగా ఇస్తుంది. షుగర్‌తో స్పర్శ పోయిన పాదానికీ కావలసింది అవే. వాటిని కుష్టు చెప్పులని ఈసడించుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి పైభాగం మామూలు సాండిల్‌లా కుట్టించడం మేలు. లోపలి రబ్బరు బొటనవేలితో నొక్కితే సగానికి దిగాలి. కింద తుమ్మముల్లు దిగని గట్టి అట్ట ఉండాలి. మేకులు కొట్టకూడదు, జిగురుతోనే అతికించాలి. మడమ వెనక పట్టీ తప్పనిసరి, స్పర్శ లేని కాలి నుంచి హవాయి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు.