మెట్లెక్కని గిరాకీ

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. ఊరి నడిబొడ్డున బోసిపోయిన పాత షాపింగ్ కాంప్లెక్స్ కనబడితే "కూలగొట్టేస్తే పోలా" అంటారు చాలామంది. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. ఎందుకో ఒక కట్టడం సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

అమెరికాలో ప్రావిడెన్స్ అనే నగరంలో, ఒక వీధిలోంచి వెనక వీధిలోకి నడిచిపోయేలా 1828లో ఒక అంగడి కట్టారు. పేరు ఆర్కేడ్. మధ్యలో నడవ, రెండు పక్కలా మూడంతస్తుల్లో దుకాణాలు, పైన గాజు కప్పు. రెండు వీధుల వైపూ ఏకశిలా గ్రానైట్ స్తంభాలు. అంత పెద్దది కట్టించిన సైరస్ బట్లర్‌ని చూసి జనం నవ్వారు, దాన్ని బట్లర్ వెర్రి అన్నారు.

అసలు చిక్కు పై అంతస్తులతో వచ్చింది. చేతిలో సంచితో బజారుకొచ్చిన మనిషి మెట్లెక్కడు. కింద కావలసింది దొరికితే అటే వెళ్ళిపోతాడు. 1944లో కూల్చబోతే అంధుల సంఘం ఒకటి అడ్డుపడి కాపాడింది. 1976లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. కానీ గుర్తింపు వస్తే గిరాకీ రాదు కదా, 2008లో తాళం పడింది.

2013లో మళ్ళీ తెరిచారు. ఈసారి దుకాణాలు, హోటళ్ళు కిందే ఉంచి, పై రెండంతస్తుల్లో 48 చిన్న ఇళ్ళు పెట్టారు. చాలావాటికి 450 చదరపు అడుగులు కూడా ఉండవు. మంచం, కూర్చునే బల్ల, సామాను అరలు అన్నీ గోడకే అమర్చేశారు. చిన్నవాటిలో పొయ్యి లేదు, మైక్రోవేవ్ మాత్రమే. మన వంటలకు అది చాలదు గానీ, ఒంటరిగా ఉండే ఉద్యోగికి గడిచిపోతుంది. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, మెట్లు అవే. కొనడానికి వచ్చినవాళ్ళు ఎక్కని మెట్లను ఇంటికి వెళ్ళేవాళ్ళు రోజూ ఎక్కుతారు. దిగినప్పుడల్లా కింది దుకాణాల ముందు నుంచే వెళ్తారు.

మన ఊళ్ళలో మెయిన్ రోడ్డు మీద కూడా కింద షట్టర్లు కళకళలాడుతుంటే పైన తుప్పు పట్టినవి కనబడతాయి. చూస్తే బాధేస్తుంది. వాటిని ఇళ్ళుగా మార్చడం తేలిక కాదు. నీళ్ళ పైపులు, డ్రైనేజీ, గాలీ వెలుతురూ, నిప్పంటుకుంటే బయటపడే రెండో దారి, అన్నీ కొత్తగా గీయాలి. ఆర్కిటెక్టు తెలివి రంగులేయడంలో కాదు, ఇక్కడే అక్కరకొస్తుంది.

ఈ ఆదివారం అమ్మతో బజారుకు వెళ్తే, మీ కాంప్లెక్స్‌లో పైన ఎన్ని షట్టర్లు మూసున్నాయో, మెట్లు ఏ మూలన పెట్టారో చూసి బొమ్మ గీసి పంపండి.

మీ
తాతయ్య