పాలు కక్కే బిడ్డ

కడుపునిండా తాగిన బిడ్డ, భుజాన వేసుకోగానే కక్కేస్తుంది. బట్టలన్నీ తడి. "తాగిందంతా బయటికే వచ్చేసింది, ఇక ఒంటికేం పడుతుంది?" అని ఇంట్లో అందరికీ టెన్షన్. అలాంటప్పుడు ఒక పని చేసి చూడండి. చెంచాడు పాలు పొడిగుడ్డ మీద ఒలకబోయండి. ఆ మరక చూస్తే ఎన్ని పాలు పోయాయో అనిపిస్తుంది. బిడ్డ కక్కేదీ చాలాసార్లు అంతే.

అన్నవాహిక వచ్చి పొట్టలో కలిసే చోట ఉంగరంలా ఒక కండరం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, తర్వాత బిగుసుకుంటుంది. మింగకపోయినా అప్పుడప్పుడు కాసేపు దానంతట అదే వదులవుతుంది. మనకు త్రేన్పు వచ్చేది అలాగే. పెద్దవాళ్లకు గాలి పైకొస్తుంది, పసివాళ్లకు గాలితోపాటు పాలూ వస్తాయి. రావా మరి? నెలల బిడ్డ రోజుకు కిలో బరువుకు దాదాపు 150 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. ఆ లెక్కన 60 కిలోల మనిషి రోజూ 9 లీటర్లు తాగాలి, అదీ ఎక్కువసేపు పడుకునే ఉండి! పైగా బిడ్డ పొట్ట చిన్నది, అన్నవాహిక పొట్టిది. నాలుగో నెల దగ్గర ఈ కక్కడం బాగా ఎక్కువవుతుంది. కూర్చోవడం, గట్టి ఆహారం తినడం మొదలయ్యాక తగ్గుతూ వచ్చి, ఏడాది నిండేసరికి చాలామందిలో ఆగిపోతుంది.

దీన్ని యాసిడ్ సమస్య అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోందని నా నమ్మకం. పాలు తాగాక గంట, రెండు గంటల దాకా ఆ పాలే కడుపులోని ఆమ్లం ఘాటును చాలావరకు అణచివేస్తాయి. అందుకే తాగిన వెంటనే కక్కిన పాలలో యాసిడ్ తక్కువే. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, పాలు తాగాక బాగా ఏడ్చే 162 మంది పసిపిల్లల్లో సగం మందికి యాసిడ్ తగ్గించే లాన్సోప్రజోల్, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి డోసు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ సరిగ్గా 54 శాతం మందికే ఏడుపు తగ్గింది. పైగా మందు వాడిన పిల్లల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ల వంటి తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. కడుపులోని ఆమ్లం క్రిములను చంపే కాపలా కూడా కదా. అన్నవాహిక నిజంగా పుండుపడిన బిడ్డకు మందు అవసరమే, కానీ ఆ మాట డాక్టరు పరీక్షించి చెప్పాలి.

ఇంట్లో చేయగలిగినవి చిన్న పనులే. ఒక్కసారే ఎక్కువ పట్టకుండా కొంచెం కొంచెంగా పట్టండి. మధ్యలో త్రేన్పు తెప్పించండి. తాగాక 20, 30 నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి, ఊపకండి. డైపర్ పొట్ట మీద బిగుతుగా ఉండకూడదు. తల్లిపాలు మాత్రం ఆపకండి. కొందరు పిల్లలకు ఆవుపాలలోని ప్రోటీన్ పడక ఇవే లక్షణాలు వస్తాయి. డాక్టరుకు ఆ అనుమానం ఉంటే, తల్లిని 2 నుంచి 4 వారాలు తన తిండిలో పాలు, పాల పదార్థాలు మానేసి చూడమంటారు. డబ్బాపాలు తాగే బిడ్డకైతే పాలపొడి మారుస్తారు.

కక్కుతుందన్న భయంతో బిడ్డను బోర్లా పడుకోబెట్టడం ప్రమాదం. నిద్రలో హఠాత్తుగా చనిపోయే ముప్పు దానివల్ల పెరుగుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పొంగిన పాలు పైకెక్కి గాలిగొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా పడుకుంటే ఈ అమరిక తలకిందులవుతుంది. తల ఎత్తుగా ఉండాలని దిండ్లూ, వాలు పరుపులూ పెట్టడం కూడా వద్దు. చదునైన, గట్టి పక్క మీద వెల్లకిలా, అంతే.

కక్కుతున్నా హాయిగా ఉండి, బరువు పెరుగుతూ, ఎప్పటిలాగే ఉచ్చ పోస్తున్న బిడ్డ గురించి దిగులు పడక్కర్లేదు. బరువు పెరగకపోయినా, పాలు తాగనని మొరాయించినా, ఆరు నెలలు దాటాకే కక్కడం కొత్తగా మొదలైనా డాక్టరుకు చూపించాలి. కొన్ని వారాల బిడ్డ తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మేలా వాంతి చేసుకుంటుంటే, పొట్ట నుంచి పేగులోకి వెళ్లే దారి ఇరుకైపోయి ఉండవచ్చు. దానికి ఆపరేషన్ అవసరం. వాంతిలో ఆకుపచ్చ పసరు గానీ రక్తం గానీ కనిపించినా, పొట్ట ఉబ్బినా, మాడు పొంగినా, జ్వరంతో మగతగా పడి ఉన్నా అర్ధరాత్రయినా సరే అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.