రవ్వకు గ్రేడు ఎవరు వెయ్యాలి?

"ఈఎఫ్ కలర్, వీవీఎస్ క్లారిటీ అమ్మా, కళ్ళు మూసుకొని తీసుకోండి." నెల్లూరు ఆచారి వీధిలో గానీ, ఒంగోలులో గానీ రవ్వల కమ్మల ట్రే ముందు కూర్చున్నవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. ఈఎఫ్ అన్నది రాయి రంగుకి, వీవీఎస్ అన్నది లోపలి స్వచ్ఛతకి వేసే గ్రేడు. చెప్పే మనిషి అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కర్లేదు. సూరత్ నుంచో ముంబై నుంచో వచ్చిన పొట్లం మీద అతనికీ అలాగే రాసి వచ్చి ఉండొచ్చు. కానీ ఆ నాలుగైదు అక్షరాల మీదే ధర వేలల్లో, పెద్ద రాయి అయితే లక్షల్లో మారిపోతుంది. ఆ అక్షరాలు వేసింది ఎవరు? ఏ వెలుతురులో, దేని పక్కన పెట్టి చూశారు? ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళు తక్కువ.

బంగారం దగ్గర మనం ఇంత మెత్తగా ఉండం. 916 ముద్ర ఉందా, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉందా అని తిప్పి తిప్పి చూస్తాం. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆ నంబరు తప్పనిసరి కాబట్టి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడికక్కడే సరిచూసుకునేవాళ్ళూ ఉన్నారు. అయితే కమ్మ వెనకాల ఉన్న ఆ ముద్ర బంగారం గురించి మాత్రమే చెప్తుంది. అందులో పొదిగిన రవ్వ వజ్రమా, జిర్కానా అన్నది కూడా ఆ ముద్ర చెప్పదు. బిల్లులో సగానికి పైగా రాళ్ళ ఖరీదే ఉన్న నగకి కూడా హాల్‌మార్క్ చూసి నిశ్చింతగా ఇంటికి వచ్చేస్తున్నాం. నన్ను బాధపెట్టేది ఇదే.

గ్రేడు ఎవరు వేస్తారన్నది ఎంత పెద్ద విషయమో ప్రకాశం జిల్లా పొగాకు రైతుకి ఒకరు నేర్పనక్కర్లేదు. బ్యారన్‌లో క్యూరింగ్ చేసిన ఆకుని ఇంటిల్లిపాదీ కూర్చుని వేరుచేసి, బేళ్ళు కట్టి టంగుటూరుకో కొండపికో వేలానికి తీసుకెళ్తే, ధర మొత్తం గ్రేడు మీదే నిలబడుతుంది. బ్రైటా, మీడియమా, లోగ్రేడా? ఆ మాట కొనే కంపెనీ మనిషి నోటి నుంచే రావాలంటే మంచి ఆకు కూడా లోగ్రేడు అయిపోతుంది. 1976లో పొగాకు బోర్డు వచ్చి, 1985లో మన రాష్ట్రంలో వేలం పాటలు మొదలయ్యాక, బేలు చూసి గ్రేడు వేసే పని బోర్డు సిబ్బంది చేతికి వచ్చింది. రైతు కష్టాలన్నీ దాంతో తీరలేదు, వేలంలో ఎవరూ పాడక బేళ్ళు వెనక్కి వచ్చే నోబిడ్ల గొడవ ఇప్పటికీ ఉంది. కానీ ధర కట్టేవాడే గ్రేడు చెప్పే పద్ధతి మళ్ళీ రావాలని ఏ రైతూ కోరుకోడు. నగల షాపులో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ గ్రేడు చెప్పేది అమ్మేవాడు, తెలియక కూర్చునేది కొనేవాడు.

అందుకే రవ్వకు గ్రేడు వెయ్యాల్సింది అమ్మకంతో సంబంధం లేని స్వతంత్ర ప్రయోగశాల. ఇక అక్కడ జరిగే పని చూద్దాం. అమెరికాలో జీఐఏ అనే రత్నశాస్త్ర సంస్థ 1931లో మొదలైంది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న రంగు, స్వచ్ఛతల కొలమానాన్ని 1953లో తెచ్చింది అదే. అంతకుముందు ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అంటూ అమ్ముకునేవారు. ఆ పాత పేర్లతో కలిసిపోకూడదని కొత్త కొలమానాన్ని డి అక్షరంతో మొదలుపెట్టారు. డి అంటే ఏ రంగూ లేనిది. అక్కడి నుంచి జెడ్ వైపు వెళ్ళేకొద్దీ పసుపో గోధుమ ఛాయో పెరుగుతుంది.

రంగు చూసే తీరు గమనించండి. రాయిని బోర్లా, అంటే తళుక్కుమనే ముఖం కిందికి పెట్టి, తెల్లటి ట్రేలో, పగటి వెలుతురులాంటి దీపం కింద, ముందే గ్రేడు ఖాయమైన నమూనా రాళ్ళ పక్కన ఉంచి పోలుస్తారు. ఎందుకంటే వజ్రం ముఖం వైపు నుంచి వచ్చే మెరుపు కంటిని మోసం చేస్తుంది. షాపులో తల మీద గుత్తులుగా వెలిగే స్పాట్‌లైట్ల కింద ఐ కలర్ రాయి కూడా డి లాగే మిరుమిట్లు గొలుపుతుంది. వెలుతురు సంగతి మన నేల మీద వజ్రాలు తవ్విన రోజుల్లోనే బాగా తెలుసు. ఇప్పటి పల్నాడు జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనులను పదిహేడో శతాబ్దంలో చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఇక్కడివాళ్ళు రాళ్ళని రాత్రిపూట పరీక్షిస్తారని రాశాడు. గోడలో అడుగు చదరపు గూడు తొలిచి, అందులో పెద్ద వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ళ మధ్య పట్టుకొని చూసేవారట. నీలి ఛాయ ఉందేమోనని అనుమానమొస్తే దట్టమైన చెట్టు నీడకి తీసుకెళ్ళి చూసేవారట. ఎప్పుడూ ఒకే రకం వెలుతురులో చూడాలన్న పట్టుదల ఇప్పటి ప్రయోగశాలకీ, ఆనాటి కొల్లూరు వర్తకుడికీ ఒకటే.

ఆ నీలి ఛాయ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన వైపు దాని పేరు మీద చాలా అమ్మకం జరుగుతుంది. 'బ్లూ జాగర్' అనే మాట దక్షిణాదిలో పాత తరం నగల వర్తకులందరికీ తెలుసు. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్ గని నుంచి వచ్చిన నీలి తెలుపు రాళ్ళ మీదుగా పుట్టిన పేరది. నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం కింద పెడితే కొన్ని వజ్రాలు నీలంగా వెలుగుతాయి. దీన్నే ఫ్లోరోసెన్స్ అంటారు. నాలుగింట ఒక వంతు నుంచి మూడింట ఒక వంతు దాకా వజ్రాల్లో ఇది ఎంతో కొంత ఉంటుంది. కారణం వజ్రం లోపలి నైట్రోజన్. కార్బన్ ఉండాల్సిన ఒక చోటు ఖాళీగా మిగిలి, దాని చుట్టూ మూడు నైట్రోజన్ పరమాణువులు చేరితే, ఆ గుంపు ఊదా కాంతిని మింగి నీలి కాంతిని బయటికి వదులుతుంది. ఊదా కాంతిని మింగడం వల్లే రాయికి పసుపు ఛాయ కూడా వస్తుంది. అంటే నీలి వెలుగుకీ పసుపు రంగుకీ మూలం ఒకటే! ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి కాబట్టి ఆ నీలం పసుపుని కొంత కప్పేసి, రాయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. రాత్రి ఇంట్లో బల్బు కింద ఆ కప్పు ఉండదు. ఇది లోపమని నేను అనడం లేదు. హెచ్, ఐ రంగుల్లో ఒక మోస్తరు ఫ్లోరోసెన్స్ ఉన్న రాయి కమ్మల్లో చాలా అందంగా ఉంటుంది. కానీ దాన్ని డి రంగు ధరకి కొనకూడదు. స్వతంత్ర ప్రయోగశాల రిపోర్టులో రంగు ఒక వరుసలో, ఫ్లోరోసెన్స్ ఇంకో వరుసలో విడివిడిగా రాస్తారు. షాపు మాటలో రెండూ కలిసిపోయి 'బ్లూ జాగర్' అవుతాయి.

స్వచ్ఛత గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద లోపలి చుక్కలు, పొరలు, చీలికలు ఎన్ని, ఎక్కడ అన్నది చూస్తారు. వీవీఎస్‌కీ, దాని కింది గ్రేడైన వీఎస్‌కీ తేడా మామూలు కంటికి తెలియదు. తెలియని తేడాకి డబ్బు కడుతున్నప్పుడు దాన్ని చూసినవాడి మాట ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

నా మటుకు నేను డబ్బు పెట్టమనేది కటింగ్ మీద. వజ్రంలోకి వెళ్ళిన కాంతి లోపలి గోడలకి తగిలి మళ్ళీ పై నుంచే బయటికి రావాలంటే కింది భాగం కోణాలు కచ్చితంగా ఉండాలి. లోతు ఎక్కువైతే కాంతి పక్కల నుంచి, తక్కువైతే అడుగు నుంచి జారిపోతుంది. బాగా సానపట్టిన ఒక క్యారెట్ గుండ్రటి రాయి దాదాపు ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. క్యారెట్‌కి వంద సెంట్లు. 97 సెంట్ల రాయికీ 100 సెంట్ల రాయికీ కంటికి తేడా లేకపోయినా ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి, బరువు నిలుపుకోవడానికి నడుము దగ్గర మందంగా వదిలేసిన రాళ్ళు బజారులో బోలెడు. వాటికి క్యారెట్ డబ్బు కడతాం, చూడ్డానికి మాత్రం చిన్నగా ఉంటాయి. రిపోర్టులో మిల్లీమీటర్ల కొలత, కట్ గ్రేడు చూస్తే ఇది పట్టుబడుతుంది. బరువు విషయంలో జీఐఏ నియమం ముచ్చటగా ఉంటుంది. మూడో దశాంశ స్థానంలో 9 ఉంటే తప్ప పైకి సవరించరు. 0.998 క్యారెట్ల రాయికి 0.99 అనే రాస్తారు.

ఈ పది పదిహేనేళ్ళలో అన్నిటికంటే పెద్ద చిక్కు ల్యాబ్‌గ్రోన్, అంటే గనిలో దొరకకుండా యంత్రాల్లో పెంచిన వజ్రాలతో వచ్చింది. అవి నకిలీవి కావు. అదే కార్బన్, అదే అల్లిక, అదే గట్టిదనం. మీథేన్, హైడ్రోజన్ వాయువులను ప్లాస్మాగా మార్చి పొరలు పొరలుగా పెంచేది ఒక పద్ధతి, విపరీతమైన ఒత్తిడిలో కరిగిన లోహంలో పెంచేది ఇంకోటి. చాలా షాపుల్లో పెన్నులాంటి టెస్టర్ రాయికి ఆనించి, కూత పెట్టగానే "ఒరిజినల్" అంటారు. ఆ పెన్ను చూసేది వేడి ఎంత త్వరగా పాకుతుందన్నదే. ల్యాబ్‌గ్రోన్ రాయికీ అది అలాగే కూస్తుంది. సిలికాన్ కార్బైడ్ అయిన మాయిసనైట్‌కి కూడా చాలా పెన్నులు కూస్తాయి. ఊపిరి ఊది చూడటం, నీటి చుక్క పెట్టడం లాంటి ఇంటి చిట్కాలు సహజానికీ ల్యాబ్‌గ్రోన్‌కీ తేడా చెప్పలేవు. సుత్తితో కొడితే అసలు వజ్రం పగలదన్న నమ్మకం మరీ ప్రమాదం. వజ్రాన్ని గీయడం కష్టం గానీ, కొన్ని దిశల్లో దెబ్బ తగిలితే ఇట్టే చీలుతుంది.

తేడా మళ్ళీ నైట్రోజన్‌లోనే దొరుకుతుంది. భూమి లోపల నూటయాభై కిలోమీటర్ల లోతున, కోట్ల సంవత్సరాలు వేడిలో ఉన్నప్పుడు విడివిడి నైట్రోజన్ పరమాణువులు మెల్లగా కదిలి జంటలుగా, గుంపులుగా చేరతాయి. వారాల్లో పెరిగిన రాయికి అంత సమయం ఉండదు. ఈ గుంపులు ఉన్నాయా లేవా అన్నది వర్ణపటం తీసి చూడాలి. గుంపులు కనిపించని రాళ్ళని తీవ్రమైన అతినీలలోహిత కాంతి కింద పెట్టి, అవి పెరిగిన తీరు తాలూకు గీతలు చూస్తారు. ఈ పరికరాలు ఆచారి దగ్గర ఉండవు, ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. 2012లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ఉన్న ఐజీఐ ప్రయోగశాలకి సహజ వజ్రాలని చెప్పి పంపిన రాళ్ళలో వందలకొద్దీ ల్యాబ్‌గ్రోన్ బయటపడ్డాయి. వజ్రాల వ్యాపారానికి రాజధాని లాంటి ఆ ఊళ్ళోనే అలా జరిగితే మన దాకా వచ్చే పొట్లాల సంగతి ఆలోచించండి. ల్యాబ్‌గ్రోన్ కొనడం తప్పేమీ కాదు. దాని ధర సహజ వజ్రం ధరలో చిన్న భాగమే, ఇంకా తగ్గుతూ వస్తోంది. తెలిసి, ఆ ధరకే కొనాలి.

మరి ప్రయోగశాలకి డబ్బు కట్టేది ఎవరు? ఎక్కువసార్లు వజ్రం అమ్మేవాళ్ళే. ఈ సందేహం న్యాయమైనదే. మంచి ప్రయోగశాలలో ఫీజుకి, వచ్చే గ్రేడుకి లంకె ఉండదు. రాయి ఎవరిదో గ్రేడు వేసేవాళ్ళకి తెలియనివ్వరు. ఒకరి మాట ఇంకొకరికి చెప్పకుండా ఒకరికంటే ఎక్కువమంది చూస్తారు. అయినా తప్పులు జరిగాయి. 2005లో జీఐఏలోనే ఖాతాదారులతో సంబంధాల నియమాలు మీరారని నలుగురు ఉద్యోగులను తీసేశారు. ఈజీఎల్ అనే ఇంకో ప్రయోగశాల పేరుతో వచ్చిన రిపోర్టుల్లో గ్రేడులు ఉదారంగా ఉంటున్నాయన్న విమర్శ పెరిగి, 2014లో వజ్రాల ధరల పట్టికలు ప్రచురించే రాపాపోర్ట్ సంస్థ తన వ్యాపార వేదిక నుంచి ఆ రిపోర్టులున్న రాళ్ళను తొలగించింది. కాబట్టి కాగితం ఉందా అని అడిగి ఊరుకోకూడదు, ఎవరి కాగితం అని కూడా అడగాలి. షాపు పేరుతో షాపే అచ్చు వేసిన కార్డు బిల్లులాంటిదే, స్వతంత్ర రిపోర్టు కాదు.

చాలా రాళ్ళకి రిపోర్టు నంబరుని నడుము మీద లేజరుతో చెక్కుతారు. భూతద్దం ఇమ్మని అడిగి ఆ అంకెలు చదవండి, ప్రయోగశాల వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి బరువు, కొలతలు సరిపోతున్నాయో చూడండి. సహజ వజ్రం నంబరుని ల్యాబ్‌గ్రోన్ రాయి మీద చెక్కిన మోసాలు కూడా దొరికాయి కాబట్టి, నంబరు ఒక్కటే కలిస్తే చాలదు.

మన వైపు ఎక్కువగా కొనే ఏడు రాళ్ళ కమ్మలు, బేసరి, ముక్కుపుడకలతో ఇంకో ఇబ్బంది ఉంది. వెనక మూసి పొదిగిన రాయిని ఏ ప్రయోగశాలా పూర్తిగా చూడలేదు. బిగించిన నగకి ఇచ్చే రిపోర్టులో బరువు అంచనాగానే ఉంటుంది, రంగు కూడా ఈఎఫ్ అని జంటగా రాస్తారు. అందుకే పెద్ద రాయి అయితే పొదగకముందే రిపోర్టు ఉన్నది ఎంచుకోవడం మేలు. అమ్మమ్మ కమ్మలు చెరిపి కొత్తగా చేయించేటప్పుడు రాళ్ళు విడిగా బయటికొస్తాయి, పరీక్షకి పంపడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అప్పుడు మీ ఎదుటే తూకం వేయించండి. ఐదు క్యారెట్లు ఒక గ్రాము, ఆ బరువు బంగారం లెక్కలో కలవకూడదు.

ఐదారు సెంట్ల చిన్న రవ్వలకి ఒక్కొక్కదానికి రిపోర్టు తీయించడం ఖర్చు దండగ. నగ మొత్తానికి ఒక స్వతంత్ర రిపోర్టు అడిగితే చాలు. బిల్లు మీద 'డైమండ్' అని ఒక్క మాట రాసి ఇస్తే ఒప్పుకోకండి. సహజమా ల్యాబ్‌గ్రోనా, ఎన్ని రాళ్ళు, మొత్తం ఎన్ని సెంట్లు, ఏ రంగు, ఏ క్లారిటీ, రిపోర్టు నంబరు ఏమిటి, తిరిగి తీసుకుంటే ఏ లెక్కన తీసుకుంటారు, ఇవన్నీ రాయించుకోండి. రేపు నెల్లూరులోనో ఒంగోలులోనో వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కాల్సి వస్తే అక్కడ అడిగేది ఈ బిల్లే.