ట్రస్టీలుగా మీ పేర్లు రాశాం

చిరంజీవులు అమ్మడికీ, చిన్నోడికీ,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ ఫ్రీమాంట్‌లో అందరం క్షేమం. మేం బతికుండగానే మా ఆస్తులు ఒక ట్రస్టు పేరు మీద పెట్టి, మా తర్వాత ఎవరికి ఏది చెందాలో అందులో రాశాం. దీన్నే లివింగ్ ట్రస్టు అంటారు. నేనూ మీ నాయనమ్మా పోయాక దాన్ని చూసుకోవడానికి ట్రస్టీలుగా మీ ఇద్దరి పేర్లు రాయించాం. మా అన్నయ్య పోయినప్పుడు ఆ బాధ్యత నా మీద పడింది. అందులో ఏముంటుందో మీరు ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

ట్రస్టీ సంతకంతో ఇల్లు అమ్మొచ్చు, బ్యాంకు నుంచి డబ్బు తియ్యొచ్చు. కానీ అందులో ఏదీ ట్రస్టీది కాదు. మళ్ళీ పెట్టేస్తాం కదా అని వారం రోజులకు వాడుకున్నా తప్పే. అందుకే ముందు అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గర ట్రస్టుకు వేరే నంబరు తీసుకుని, ఆ నంబరు మీద ఖాతా తెరవాలి. వచ్చే ప్రతి డాలరూ, పోయే ప్రతి డాలరూ అందులోంచే నడవాలి.

కాలిఫోర్నియాలో మనిషి పోయిన 60 రోజుల్లోపు వాటాదారులకూ, చట్టప్రకారం వారసులైనవాళ్ళకూ నోటీసు పంపాలి. ట్రస్టులో పైసా రాయని కొడుకున్నా సరే, అతనికీ పంపాలి. కోర్టుకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఆ తర్వాత మామూలుగా 120 రోజుల గడువుంటుంది. ఈలోపు పంచెయ్యమని ఎవరు తొందరపెట్టినా ఆగండి. అప్పులూ పన్నులూ తీరకముందే పంచేస్తే ఆ బాకీ మీ మెడకు చుట్టుకోవచ్చు. విల్లు అసలు కాపీ మీ దగ్గరుంటే 30 రోజుల్లో కౌంటీ కోర్టులో అప్పగించాలి.

మనిషి పోయిన తేదీ నాటికి ఇంటి విలువ కట్టించడం మర్చిపోవద్దు. మూడు లక్షల డాలర్లకు కొన్న ఇల్లు ఆ రోజుకు పదిహేను లక్షలు చేస్తే, తర్వాత అమ్మినప్పుడు లాభాన్ని పదిహేను లక్షల నుంచే లెక్కేస్తారు. ఖాళీగా ఉన్న ఇంటికి బీమా చెల్లకపోవచ్చు, కంపెనీకి ముందే చెప్పండి.

లెక్కలు అకౌంటెంటు చూస్తాడు. అసలు టెన్షన్ మనుషులతోనే. అన్నయ్య చిన్నకొడుకు ఆ ఇంట్లోనే ఉండేవాడు. నాన్నను చివరిదాకా చూసుకున్నది వాడే. అద్దె అడగాలంటే నాకు మనసొప్పలేదు. కానీ వాడు ఊరికే ఉంటే మిగతా ఇద్దరి వాటా తగ్గుతుంది, ట్రస్టీ ఒకరి పక్షం పట్టకూడదు. లాయరుతో మాట్లాడి, ముగ్గురికీ ఒకే మెయిల్ పెట్టి, ఆ నెలల అద్దెను వాడి వాటాలో తగ్గించేటట్టు ఒప్పించాను. వదిన నగల విషయంలోనూ అంతే, ఫొటోలు ముగ్గురికీ ఒకేసారి పంపాను. ఒకరితో ఫోన్లో చెప్పింది ఇంకొకరికి ఆలస్యంగా తెలిస్తే అనుమానం అక్కడే మొదలవుతుంది. నెలనెలా నాలుగు ముక్కలు రాసి పంపండి, ఏమీ జరగని నెలలో కూడా.

లాయరు ఫీజు, అకౌంటెంటు ఫీజు ట్రస్టు డబ్బులోంచే కట్టాలి, మీ జేబులోంచి కాదు. మీ శ్రమకు న్యాయమైన ప్రతిఫలం తీసుకోవడంలో తప్పు లేదు, దానికి పన్ను మాత్రం కట్టాలి.

నా రిటైర్‌మెంట్ ఖాతా ట్రస్టులో లేదు. నామినీగా రాసినవాళ్ళకు అది నేరుగా వెళ్తుంది. తెనాలి దగ్గర పొలానికీ ఈ కాగితాలతో సంబంధం లేదు, దానికి అక్కడ విడిగా విల్లు రాశాను. ట్రస్టు అసలు కాగితాలు మా గదిలో ఇనప్పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి మీ నాన్న దగ్గరుంది. దసరాకు వచ్చినప్పుడు ఇద్దరూ కూర్చుని ఒకసారి చదవండి. అర్థం కానివి రాసుకోండి, లాయరు దగ్గరికి కలిసే వెళ్దాం.

ఇట్లు,
మీ తాతయ్య